ఇంజనుకు తలంటు

మా శాఖ పేరు చెప్పను. అనంతపురంలో మా ఆఫీసు ఏ వీధిలో ఉండేదో కూడా చెప్పను. అక్కడ పనిచేసిన వాళ్లలో సగం మంది బదిలీల మీద పోయినా, బజ్జీల సంగతి మాత్రం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. పెన్షన్ పని మీద ఎప్పుడైనా అటు పోతే, కొత్తగా చేరిన పిల్లలు సైతం నన్ను చూసి నవ్వు ఆపుకుంటారు. వాళ్లకు ఆ కథ ఎవరు చెప్పి ఉంటారో నాకు తెలుసు. ఆయన చెప్పేదాంట్లో తప్పంతా నాదే అయి ఉంటుంది. అందుకని నా వైపు కథ కూడా ఒకటి ఉండాలని ఇది రాస్తున్నాను. స్టీరింగు పట్టుకుని బతకాలనుకునే కుర్రవాళ్లు చదివితే మరీ మంచిది.

నేను ప్రభుత్వ డ్రైవరుగా పనిచేశాను. ఉద్యోగంలో చివరి భాగమంతా ఒకే కారు నడిపాను. తెల్లటి డీజిల్ కారు, పల్లె దారులకు తగినట్టు ఎత్తుగా ఉండేది. అది కొత్తగా వచ్చిన రోజున సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగులు తీసింది నేనే. తర్వాత ఎందరో ఆఫీసర్లు ఎక్కారు, దిగారు. నేను మాత్రం దిగలేదు. గార్లదిన్నె వైపు పల్లెలన్నీ దానికి తెలుసు. తాడిపత్రి దారిలో బండలు మోసే లారీల వెనక అది మింగిన దుమ్ముకు లెక్కలేదు. ఎండిపోయిన చేలు చూసి పోవడానికి వచ్చే పెద్దమనుషులను కూడా అదే మోసింది. మా జిల్లాలో వాన రాని ఏడు ఉంటుంది గానీ, కరువు చూడటానికి మనుషులు రాని ఏడు ఉండదు.

ఒక ఎండాకాలం పైనుంచి ఆర్డరు వచ్చింది. పాత బండ్లన్నిటినీ తనిఖీ చేయిస్తారట. బాగుంటే ఉంచుతారు. బాగాలేకపోతే పనికిరాదని రాసి వేలం వేస్తారు. దాని బదులు అద్దె కారు వస్తుంది, అద్దె కారుతో పాటు దాని డ్రైవరూ వస్తాడు. మరి ప్రభుత్వ డ్రైవరు ఏం కావాలి? తనకల్లు వైపు ఒక ఆఫీసులో మనిషి తక్కువగా ఉన్నాడట, అక్కడికి పంపుతారట. ఆ ఆఫీసులో కారు లేదు. గుమ్మం పక్కన ఒక స్టూలు మాత్రం ఉందని కనుక్కున్నాను.

నాకు నిజంగా భయం వేసింది. రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లు ఉంది. కారు లేని డ్రైవరుకు ఆఫీసులో ఎంత విలువ ఉంటుందో నేను ఇతరుల విషయంలో చూశాను. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ తిరిగిన మనిషి, స్టూలు మీద కూర్చుని బెల్లు ఎప్పుడు మోగుతుందా అని చెవులు రిక్కించుకోవడం కంటే శిక్ష ఉండదు. పైగా ఆ కారంటే నాకు ప్రాణం. ఇంట్లో ఈ మాట అంటే ఆవిడ నవ్వుతుంది కానీ, నిజం నిజమే.

కారు నడకలో ఏ లోపమూ లేదు. అది అడిగినప్పుడల్లా ఆయిలు మార్చాను, బెల్టులు మార్చాను. చెవి పెట్టి వింటే ఇంజను నిద్రపోతున్న పిల్లాడిలా చప్పుడు చేసేది. చిక్కంతా పైకి కనిపించే దానితోనే వచ్చింది. బానెట్ ఎత్తితే ఇంజనేదో, మట్టేదో తెలిసేది కాదు. ఏళ్ల తరబడి పడిన ఎర్రదుమ్ము, ఆయిలు చెమ్మ కలిసి గోడకు వేసిన మెత్తులా గట్టిపడి ఉండేవి. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు జిడ్డు కనిపిస్తే చాలు, ఆయిలు లీకని రాసేస్తాడని, మధ్యాహ్నం భోజనం లోపలే నాలుగు బండ్లకు తద్దినం పెట్టగలడని పేరు.

సర్వీసు సెంటర్‌కు తీసుకుపోయి నీళ్లు కొట్టించవచ్చు కదా అని మీరు అడుగుతారు. పక్క ఆఫీసు డ్రైవరు అదే చేశాడు. అక్కడి వాళ్లు పెద్ద పైపు పెట్టి ఇంజను మీదికి ఊపుగా కొట్టారు. ఆ తర్వాత ఆ కారులో హారన్ నొక్కితే వైపర్లు ఆడేవి. వైపర్లు వేస్తే ఏమయ్యేదో ఆయన నాకు చెప్పలేదు. అందుకని నా కారును నేనే ఇంట్లో కడుక్కోవాలని నిశ్చయించుకున్నాను. తనిఖీ మంగళవారం. ఆదివారం పొద్దున్నే కారును మా ఇంటి ముందు వేపచెట్టు నీడలో పెట్టి, పైపు చేతిలోకి తీసుకున్నాను.

"ఏమయ్యా, ఆ పైపు యాడికి?" అంది మా ఆవిడ గడపలో నిలబడి.

"ఇంజను కడగల్ల."

"కొళాయి వచ్చి ఎన్ని దినాలాయ? మళ్లా ఎప్పుడొస్తాదో నీకు తెలుసునా? డ్రమ్ములో ఉండేవి తాగే నీళ్లు. మనుషులకే లేవు, ఇంజనుకు పోస్తావా?"

"తనిఖీ ఉండాది. ఇది పోతే నన్ను తనకల్లుకు తోస్తారు."

తనకల్లు మాట ఆమె మీద కూడా పనిచేసింది. "గుడ్డలు జాడించిన నీళ్లు తొట్లో ఉండాయి. ఒక బక్కెట్టు తీసుకో. అవి మల్లెచెట్టుకు పోసేవి. చెట్టు ఎండితే నిన్నే అడుగుతా" అంది.

ఆ బక్కెట్టు నీళ్లే నా అదృష్టం. బట్టలు జాడించిన నీళ్లలో సబ్బు ఎంత ఉండాలో అంతే ఉంటుంది. ఇంజను తుడవడానికి అంతకన్నా ఎక్కువ నురగ పనికిరాదు, బక్కెట్టు కంటే ఎక్కువ నీళ్లూ పనికిరావు. నీళ్లున్న ఊరి వాళ్లు ఇంజన్లను పాడు చేసుకునేది అందుకే.

కుర్రవాళ్లు ఇక్కడ మాత్రం నవ్వకుండా చదవండి. ఇంజను బాగా చల్లారి ఉండాలి. పొద్దున లేవగానే మొదలుపెడితే ఆ బాధే లేదు. వేడి ఇంజను మీద చన్నీళ్లు పడితే లోహం పగులుతుంది, చెయ్యి తగిలితే చెయ్యి కాలుతుంది. బ్యాటరీకి నల్ల తీగ ముందు ఊడదీయాలి, చివరలో అన్నిటికన్నా వెనక అదే తగిలించాలి. ఫ్యూజుల పెట్టె, డైనమో, గాలి పీల్చే గొట్టం నోరు, వీటికి ప్లాస్టిక్ సంచులు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయాలి. నేను ఉతికి ఆరబెట్టిన పాల కవర్లు వాడాను. పని అయ్యాక వాటన్నిటినీ మళ్లీ తీయాలి. గాలి గొట్టానికి పాల కవరు అలాగే ఉంచి బండి స్టార్టు చేస్తే, అది మీ మొహం చూసి దగ్గి ఆగిపోతుంది. ముందు ఎండు బ్రష్షుతో దుమ్ము రాల్చాలి. తర్వాత గుడ్డ తడిపి, గట్టిగా పిండి, తుడవాలి. నీళ్లు చల్లకూడదు, పొయ్యకూడదు. సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు సరిపోతుంది. పెట్రోలు, కిరసనాయిలు దగ్గరికి రానివ్వకూడదు. అయ్యాక బానెట్ ఎత్తి పెట్టి, పూర్తిగా ఆరేదాకా తాళం తిప్పకూడదు. అంతే. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలు.

ఓపికతోనే మొదలుపెట్టాను. మట్టి పొర పెచ్చులుగా ఊడి వచ్చింది. లోపల ఒక మూల పన్నెండు-పదమూడు సైజు స్పానరు ఒకటి దొరికింది. దాన్ని దొంగిలించాడని ఒక మెకానిక్‌తో నేను మాట్లాడటం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మాట్లాడాలంటే స్పానరు దొరికిన సంగతి చెప్పాలి. అందుకని ఇంకా మాట్లాడటం లేదు.

పని సగమయ్యేసరికి మా అటెండరు వచ్చాడు. ఈ కథ ఆఫీసులో చెప్పుకుంటూ తిరిగేది ఈయనే. నాకంటే కొద్దిగా చిన్నవాడు, మంచివాడు, పిలవకుండా వచ్చి సాయం చేసే రకం. వాళ్లది గార్లదిన్నె దగ్గర పల్లె. వాళ్ల అన్నదమ్ములకు నూనె గానుగ ఉంది. ఈయన లోకంలో వేరుశనగ నూనె తీర్చలేని సమస్య లేదు. తలకు అదే, మోకాళ్ల నొప్పికి అదే. ఆఫీసు బీరువా తలుపు కిర్రుమన్నా అదే. ఒకసారి మా ఆఫీసరు మేడం గారి గది ఫ్యాను చప్పుడు చేస్తోందని దానికి పోశాడు. వారం పాటు మేడం గారు ఏ కాగితం మీద సంతకం పెట్టినా దాని మీద బొట్లు బొట్లుగా మచ్చలు ఉండేవి. ఆ ఆదివారం మా ఆవిడకిచ్చి పోదామని సీసాడు నూనె తెచ్చాడు.

"ఏమన్నా, ఒక్కడివే అగసాట్లు పడతాండావు. నాకు ఫోను చేయకూడదా?" అని చొక్కా విప్పి చెట్టుకు తగిలించాడు. పని నిజంగా బాగా చేశాడు. ఇద్దరం కలిసి తుడిచేసరికి ఇంజను బయటపడింది. గొట్టాలు నల్లగా, పైన మూత బూడిద రంగులో, ఫ్యాక్టరీ వాళ్లు అంటించిన పసుపు కాగితం దాని మీద, అన్నీ కనిపించాయి. ఇన్నేళ్లు నడిపిన నాకే ఆ కాగితం అక్కడ ఉందని తెలియదు.

"నేను రెండు చెంబులు పోసుకుని వస్తా. ఆరేదాకా దేన్నీ ముట్టుకోవద్దు" అని చెప్పి స్నానానికి పోయాను. ముట్టుకోవద్దన్న మాట మా అటెండరు ఎట్లా అర్థం చేసుకుంటాడో నాకు ముందే తట్టి ఉండాల్సింది.

వచ్చేసరికి ఇంజను మెరుస్తోంది. మామూలు మెరుపు కాదు, పెళ్లికొడుకు తలలా మెరుస్తోంది. రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ మూతలు, వైర్లు, దేన్నీ వదల్లేదు. సీసా అడుగున ఇంత మిగిలింది.

"ఏం చేస్తివప్పా?"

"ఏముందన్నా, తలకు నూనె పెట్టకుండా స్నానం యాడన్నా ఉండాదా? ఎండిపోయినట్ల ఉండాది పాపం. కొంచెం పట్టిస్తి. చూడు ఎట్ల కళ వచ్చిందో."

నేను కేకలు వేయడానికి నోరు తెరిచాను. ఇంజను వైపు చూశాను. నోరు మూసుకున్నాను. చెప్పకేం, కళ వచ్చిన మాట నిజం. ఇన్‌స్పెక్టరు దీన్ని చూస్తే ఏమంటాడో అప్పుడే ఊహించుకోవడం మొదలుపెట్టాను. వేడి ఇంజను దగ్గర ఏ నూనైనా ప్రమాదమని తెలుసు, కాస్త తుడిస్తే సరిపోతుందిలే అనుకుని పైపైన ఒక గుడ్డ ఆడించాను. మా ఆవిడ మాత్రం వచ్చి సీసా చూసి, "నాకు తెచ్చిన నూనేనా?" అని అడిగి లోపలికి పోయింది. ఆ పూట మాకు కూరలో తిరగవాత లేదు.

మా వీధి చివర వేరుశనక్కాయల గోడౌను ఉంది. అక్కడి ఎలుకలు మామూలువి కావు, తిండి పుష్టిగా తిన్నవి. కారుకు రాత్రి ఏం జరిగిందో నేను చూడలేదు. సోమవారం పొద్దున తాళం తిప్పితే ఏ దీపమూ వెలగలేదు. బానెట్ ఎత్తి చూస్తే వైర్ల మీది తొడుగు ఒలిచి ఉంది, లోపలి రాగి తీగలు బయట మెరుస్తున్నాయి. మెరవడానికి అవే తక్కువైనట్టు.

అప్పుడు నేను పిలిచింది భాయ్‌ని. ఆయన మా ఊళ్లో కార్ల వైర్ల పని చేసే సాయిబు, నాకు ఎప్పటినుంచో స్నేహితుడు. చేసే పని బంగారంలా చేస్తాడు, చేస్తున్నంత సేపూ తిడుతూ ఉంటాడు. స్కూటరు దిగి, బానెట్ లోకి తల పెట్టి, రెండు సార్లు ఎగపీల్చాడు.

"ఏందన్నా ఇది? ఇంజన్లో తిరగవాత పెట్టినారా?"

అటెండరు అప్పటికే వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన చెట్టు వైపు చూశాడు.

"ఎలకలదేం తప్పు లేదు," అన్నాడు భాయ్ వైర్లు వెతుకుతూ. "అవి వైర్లు తినల్లని రాలేదు. శెనక్కాయ నూనె తింటాండాయి. మధ్యలో వైరు అడ్డమొచ్చింది. ఎవరప్పా ఈ పని చేసిన మహానుభావుడు?"

"కళ వస్తాదని..." అన్నాడు అటెండరు మెల్లగా.

"వచ్చింది గదా కళ. రేపు తనిఖీలో ఇంజను వేడెక్కితే మంట గూడా వస్తాది. దండిగా కళగా ఉంటాది."

భాయ్ మధ్యాహ్నం దాకా కూర్చుని తెగిన వైర్లన్నీ కలిపాడు, టేపు చుట్టాడు, దీపాలు వెలిగించి చూపించాడు. కానీ నూనె పోవాలి, లేకపోతే రాత్రికి మళ్లీ ఎలుకలు వస్తాయి, పగలు పొగ వస్తుంది. సబ్బు నీళ్లు పెట్టి తుడవాలంటే, మా ఆవిడ తొట్టికి మూత వేసి దాని మీద బండ పెట్టింది.

"పెట్రోలు పెట్టి తుడిస్తే?" అన్నాడు అటెండరు.

"నువ్వు మాట్లాడొద్దు," అన్నాం నేను, భాయ్ ఒకేసారి.

అప్పుడు మా ఆవిడ గడపలోంచి అంది. "మీకేం తెలుసు? నూనె పోవల్లంటే శెనగపిండి పెట్టల్ల. తలంటు పోసేటప్పుడు ఒంటికి రుద్దేది యాలనుకుంటిరి? నీళ్లు గూడా అక్కరలేదు. పొడిపిండి అద్ది, గుడ్డతో దులిపితే నూనెంతా అదే పీల్చుకుంటాది."

భాయ్ తల ఊపాడు. "అక్క చెప్పేది నిజమే. పొడిగా అద్దితే వైర్లకేం గాదు. ఒకటే మాట, పిండి రవ్వంత గూడా మిగలకూడదు. తడి బ్రష్షు పెట్టొద్దు, ఎండు బ్రష్షుతో దులపండి" అని, ఇంకో బండి ఉందని పోయాడు.

ఇద్దరం శెనగపిండి అద్దాం. నిజంగానే నూనె లాగేసింది. దులిపాం, తుడిచాం. పైకి కనిపించేదంతా శుభ్రం చేశాం. ఎలుకలు రాకుండా కారును ఆ సాయంత్రం ఆఫీసు ఆవరణలో పెట్టి వచ్చాను. పైకి కనిపించని చోట, ఇంజను పక్కల, పొగ గొట్టం మొదట్లో, నూనెలో తడిసిన పిండి ముద్దలుగా దాక్కుని ఉందని నాకు అప్పుడు తెలియదు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటారే, ఆ రోకలి నా ఇంట్లోంచే వచ్చింది.

మంగళవారం తనిఖీ ఒక ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో జరిగింది. నీడ లేదు. జిల్లాలోని మండలాల నుంచి వచ్చిన పాత బండ్లన్నీ వరసగా నిలబెట్టారు, ఆసుపత్రి ముందు రోగుల్లా. మా పెద్దాఫీసు సారు వాడే కారు కూడా ఆ వరసలో ఉంది. పెద్ద సారు బండి కాబట్టి పైన తళతళలాడుతోంది గానీ, స్టార్టు చేస్తే దగ్గు వచ్చేది. అయినా పెద్ద సారు బండికి పనికిరాదని రాసేంత ధైర్యం ఏ ఇన్‌స్పెక్టరుకూ ఉండదు. నాకు తోడుగా అటెండరు వచ్చాడు. వద్దన్నాను, కారు వెనక సీట్లో ముందే కూర్చుని ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు మనిషి లావు, మాట పొదుపు. ఆయన పద్ధతి ఒకటే. బండి స్టార్టు చేయించి, బాగా వేడెక్కేదాకా ఆపనిచ్చేవాడు కాదు. తర్వాత బానెట్ ఎత్తి చూసేవాడు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావొస్తోంది. ఆయన అప్పటికి చాలా బండ్లకు పనికిరాదని రాసేశాడు. ఆ డ్రైవర్లందరూ గోడ పక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ల మొహాలు నేను చూడలేకపోయాను.

ఇంజను స్టార్టు చేశాను. చక్కగా అందుకుంది. కాసేపటికి వాసన మొదలైంది.

ముందు నేను గుర్తుపట్టలేదు. గోడ పక్కన కూర్చున్న ఒక డ్రైవరు తల ఎత్తాడు. "యాడో బజ్జీలు ఏస్తాండారప్పా," అన్నాడు. అందరూ ముక్కులు ఎగరేశారు. పొద్దున్నుంచి ఎండలో ఉన్నారు, అందరికీ ఆకలిగా ఉంది. ఇన్‌స్పెక్టరు కూడా రాసేది ఆపి అటూ ఇటూ చూశాడు. తన వెంట వచ్చిన జవానును పిలిచి, "బండి యాడుందో చూసి, ఒక పొట్లం కట్టించుకుని రాపో," అన్నాడు.

జవాను గేటు దాటి పోయాడు. నాకు అప్పుడు అర్థమైంది. అటెండరు వైపు చూశాను. ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఇంజను ఆపాలంటే ఇన్‌స్పెక్టరు చెప్పాలి. ఆయన బజ్జీల కోసం గేటు వైపు చూస్తున్నాడు. వాసన మాత్రం అంతకంతకూ పెరుగుతోంది. ఆ స్థలంలో నిలబడిన మనుషులందరూ నా ఇంజనులో వేగుతున్న శెనగపిండి కోసం ఆశగా ఎదురుచూస్తున్నారని తెలిసినవాళ్లం ఇద్దరమే.

జవాను తిరిగి వచ్చాడు. "ఈ చుట్టుపక్కల బజ్జీల బండే లేదు సార్."

"మరి వాసన యాడ్నుంచి?" అంటూ ఇన్‌స్పెక్టరు నడిచాడు. వాసన పట్టుకుని, వరస వెంబడి ఒక్కో బండి దాటి, నా కారు ముందు వచ్చి ఆగాడు. నా వైపు చూశాడు. బానెట్ ఎత్తమన్నాడు. ఎత్తాను.

సన్నగా పొగ వచ్చింది. పైనంతా అద్దంలా ఉంది. కింద, ఇంజను పక్కన, చిన్నచిన్న ముద్దలు బంగారు రంగులో వేగి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు స్క్రూ డ్రైవరు మొనతో ఒకదాన్ని గీకి, దగ్గరగా పట్టుకుని చూశాడు. చల్లారాక వేళ్లతో నలిపి వాసన చూశాడు.

"ఇది ఏ ఆయిలు?" అన్నాడు.

తనకల్లు, గుమ్మం, స్టూలు అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. నేను మాట వెతుక్కునేలోగా మా అటెండరు అందుకున్నాడు.

"గానుగ నూనె సార్. మాదే. కల్తీ అనే మాటే లేదు."

గోడ పక్కన ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే ఇంకొకరు. ఉద్యోగాలు ఎటు పోతాయో తెలియని మనుషులందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే నాకు ఏడుపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి జరిగిందంతా అడిగాడు. బక్కెట్టు నీళ్ల నుంచి శెనగపిండి దాకా చెప్పాను. ఆయన విని, జవానుతో ఆ ముద్దలన్నీ గీకించి, సీట్లో కూర్చుని తనే బండి నడిపాడు. స్థలం చుట్టూ తిప్పాడు, రోడ్డెక్కాడు, కనుచూపు మేర దాటిపోయాడు. నేను ఎండలో నిలబడి ఎదురుచూశాను. నా కారును ఇంకొకరు నడపడం నేను బయట నిలబడి చూసింది అదే మొదలు.

తిరిగి వచ్చి దిగాడు. ఆయిలు చూశాడు, నీళ్లు చూశాడు, పొగ చూశాడు.

"బండికి ఏ జబ్బూ లేదప్పా," అన్నాడు. "మీ ఇద్దరికే ఏదో ఉండాది. ఇంకోసారి ఇంజను కాడ తినే వస్తువు పెట్టినారంటే నేనే కేసు రాస్తా." బండి బాగుందని, చాలా జాగ్రత్తగా చూసుకున్నారని, ఇంకా చాలా ఏళ్లు నడుస్తుందని రాసి సంతకం పెట్టాడు. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. ఆయన చేతులు కూడా నూనెగా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ అటెండరే నిజమైన బజ్జీలు తెప్పించాడు. నేను తినలేకపోయాను గానీ, సంతోషంగా ఉన్నాను. తనకల్లు గండం తప్పింది. కారు నాది, స్టీరింగు నాది అనుకున్నాను.

నాలుగు రోజులు గడిచాక మేడం గారు పిలిచారు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూడగానే ఏదో తేడాగా ఉందనుకున్నాను.

"పెద్దాఫీసు నుంచి ఫోన్ వచ్చిందండీ. తనిఖీ రిపోర్టులు పెద్ద సారు చూశారట. జిల్లా మొత్తం మీద మన బండే బాగుందని రాశారట. అందుకని దాన్ని సారు వాడకానికి పంపమన్నారు. వాళ్ల బండి మనకిస్తారు. మీరేం కంగారు పడకండి, మీరు మాతోనే ఉంటారు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నా విషయంలో కొండనాలుకకు కూడా జబ్బు లేదు. మందు మాత్రం బ్రహ్మాండంగా వేశాను. మట్టి కొట్టుకుని ఉన్నన్నాళ్లూ ఆ కారును ఎవరూ కన్నెత్తి చూడలేదు. మెరిసిన వారానికే పోయింది.

తాళంచెవి ఇవ్వడానికి నేనే పోయాను. పెద్దాఫీసు డ్రైవరు బానెట్ ఎత్తి చూసి, "ఏందన్నా ఇదో వాసన?" అన్నాడు. "అలవాటవుతాదిలే. భోజనం చేసి నడుపు" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, వెనక్కి వచ్చే దారంతా జేబులో ఆ తాళంచెవి కోసం తడుముకుంటూనే ఉన్నాను. ఆ కారు ఎక్కడ కుదుపుతుందో, ఏ గేరు కొంచెం మొరాయిస్తుందో నాకు తెలిసినట్టు వాళ్లకు తెలియదు.

బదులుగా వచ్చిన బండి బానెట్ ఎత్తి చూశాను. ఎర్రమట్టి, జిడ్డు, ఎప్పటిదో కాకి ఈక. మూసేశాను. లోపలి పనులన్నీ చేశాను. దగ్గు తగ్గించాను, వైర్లు భాయ్‌కి చూపించాను, ఆయిలు మార్చాను. ఆ బండి గుర్రంలా నడిచింది. కానీ పైనున్న మట్టిని మాత్రం ముట్టుకోలేదు. ఎక్కడైనా కొంచెం రాలితే, తాడిపత్రి దారిలో ఒకసారి తిప్పుకుని వచ్చేవాణ్ని. పెద్దాఫీసు నుంచి ఎవరైనా వచ్చి బానెట్ ఎత్తితే, ముక్కు మూసుకుని దించేసేవాళ్లు. నా రిటైర్మెంటు దాకా ఆ బండి నాతోనే ఉంది.

కుర్రవాళ్లూ, మీ సొంత కారైతే నేను చెప్పినట్టు శుభ్రంగా తుడుచుకోండి. ప్రభుత్వ కారైతే కాస్త ఆలోచించుకోండి. నా చోటికి వచ్చిన కొత్త డ్రైవరుకు కూడా ఇదే చెప్పాను. మంచి పనిమంతుడు, ఒళ్లు వంచే రకం. బానెట్ ఎత్తి చూసి, "ఏందన్నా, ఇంత గలీజుగా పెట్టుకున్నావు?" అని నన్నే మందలించాడు. వద్దప్పా, దాని జోలికి పోవద్దని మర్యాదగా చెప్పి, తాళంచెవి చేతిలో పెట్టి ఇంటికి వచ్చాను.

నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు. గొంతు ఏడుపుగా ఉంది.

"అన్నా, బండి పెద్దాఫీసుకు తీసకపోయినారన్నా."

"నువ్వేం చేస్తివప్పా?"

"నేనేమీ చేయలేదన్నా," అన్నాడు. "తుడిచినానంతే."